పాస్‌పోర్టు ఫొటోకి బొట్టు

మా అన్నకి ఏడాదిలో తీరిక దొరికేది ఎండాకాలంలో మాత్రమే. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం అప్పుడు వేట ఆపేస్తుంది. మైపాడులో పడవలన్నీ ఒడ్డుకి లాగి పెడతారు. ఆ రోజుల్లో మా అన్న అలవాటు కొద్దీ చీకటితోనే లేచి, గాలి ఎటు తిరిగిందో చూసి, పనేమీ లేదని గుర్తొచ్చి మళ్ళీ అరుగు మీద కూలబడతాడు. వలలు బాగుచేసుకోవడం అయిపోయాక ఇంట్లో వాళ్ళని బాగుచేయడం మొదలుపెడతాడు. ఆ గిన్నె ఇక్కడెందుకుంది, ఈ తలుపు కిర్రుమంటుందేం అని. ఆ రెండు నెలలు ఎప్పుడు గడుస్తాయా అని మా వదిన గంగమ్మకి మొక్కుకుంటుంది.

నేను నెల్లూరులో గవర్నమెంటు టీచర్ని. నా వేసవి సెలవులూ అన్న ఖాళీ రోజులూ కలిసొస్తాయి కాబట్టి ఏటా కొన్నాళ్ళు మైపాడులోనే ఉంటాను. పొద్దుటిపూట వదినతో కలిసి ఒడ్డున ఎండుచేపల దగ్గర కూర్చుని కాకుల్ని అదిలించడం నాకు పెద్ద విశ్రాంతి. అలా కూర్చున్నప్పుడల్లా, పైన విమానం పోయే మోత వినబడితే చాలు, వదిన కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అది కనుమరుగయ్యే దాకా చూసేది. ఈలోగా కాకులు తమ వాటా పట్టుకుపోయేవి.

"ఒక్కసారి దాంట్లో కూర్చోవాల అమ్మణ్ణీ. దిగినాక చచ్చినా పర్లేదు" అనేది.

"దిగినాక కదా, పర్లేదులే. ఎక్కక ముందు చావబాక" అనేదాన్ని నేను.

నగలు అడగలేదు, పట్టుచీర అడగలేదు. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆ మనిషి నోరు తెరిచి అడిగింది అదొక్కటే. కిందటేడు వేట బాగా సాగింది. వేట ఆగిన వారంలోనే అన్న నన్ను పిలిచి, మీ వదినని విమానమెక్కించాల, యాడికి పోతే బాగుంటుందో నువ్వే చూడు అన్నాడు. హైదరాబాదు పోదామన్నాను. అన్న తల అడ్డంగా ఊపి సముద్రం వైపు గడ్డం ఎత్తి చూపించాడు. ఇన్నేళ్ళుగా ఇటు నుంచే చూస్తున్నాడు, అటు పోవాలట. సరే అని మలేషియా అన్నాను, మన వాళ్ళకి వీసా అక్కర్లేదని విన్నాను కాబట్టి.

వీసా అక్కర్లేదంటే ఏ కాగితమూ అక్కర్లేదని అర్థం కాదు. ఆ ముక్క నాకు ఆలస్యంగా తెలిసింది. వీసా కావాలంటే అడిగేవాళ్ళు ఒక్కచోటే అడుగుతారు, అక్కర్లేకపోతే అడుగడుగునా అడుగుతారు. పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలలు గడువుండాలి. తిరుగు టికెట్ చూపించాలి. దిగబోయే హోటలు చూపించాలి. మేం వస్తున్నామహో అని ఆ దేశానికి ముందుగానే ఫోన్లో వివరాలు నింపి పంపాలి. ఇవన్నీ అక్కడ దిగాక అడుగుతారో లేదో గానీ ఇక్కడ ఎక్కేటప్పుడు విమానం వాళ్ళు మాత్రం తప్పకుండా అడుగుతారట. అక్కడి వాళ్ళు వద్దని పంపేస్తే వెనక్కి మోసుకురావలసింది వాళ్ళే కదా!

ఇక సలహాలు చెప్పేవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. మైపాడు బస్సు దాటి ఎరగని వాళ్ళు కూడా మలేషియా వెళ్ళే పద్ధతి నాకు నేర్పించారు. కొడవలూరు నుంచి వచ్చే మా తోటి టీచరయితే, తనకి తెలిసినవాళ్ళని విమానం మెట్ల దగ్గరి నుంచి వెనక్కి పంపేశారని ఎదురుగా నిలబడి చూసినట్టే చెప్పింది. ఎందుకు పంపారమ్మా అంటే, ఏమో, ఏదో తక్కువైందంట అంది. ఆ 'ఏదో' ఏమిటో తెలియక నాకు తిండి సయించలేదు. గవర్నమెంటు టీచరు దేశం దాటాలంటే పై అధికారులివ్వాల్సిన అనుమతి కాగితం దగ్గర నుంచి హోటలు ఫోన్ నంబరు దాకా అన్నీ రెండేసి కాపీలు తీయించి ఫైలు కట్టాను. మా ఇంటాయనకి విమానమంటే ఆమడ దూరం, ఆయన రానన్నారు. "ఆ ఫైలుకి కూడా ఒక సీటు తీసుకో" అని మాత్రం ఎగతాళి చేశారు.

నాకు పాస్‌పోర్టు ముందే ఉంది, అన్నావదినలకి కొత్తగా చేయించాలి. వదినని ఫొటో తీసే చోట కూర్చోబెట్టిన రోజు చెమటలు కారిపోయే ఎండ. ముఖం మెరుస్తోంది తుడుచుకోమని అక్కడి అమ్మాయి అంది. వదిన కంగారుపడి కొంగుతో ముఖమంతా గట్టిగా తుడుచుకుంది. కెమెరా చప్పుడు కూడా లేకుండా ఫొటో తీసేసింది. బయటికొచ్చాక చూస్తే కొంగుకి కుంకం అంటుకుని ఉంది. నాకది పట్టించుకోవలసిన విషయంలా అనిపించలేదు. నా బుర్రంతా ఫైల్లో ఉంది మరి.

పాస్‌పోర్టులు ఇంటికొచ్చినప్పుడు అన్న తన ఫొటో చూసుకుని దొంగ మాదిరి ఉండానని నవ్వాడు. వదిన తనది తెరిచి చూసి, ఠక్కున మూసి, బీరువాలో చీరల కింద పెట్టేసింది. ఫొటో బాగా రాలేదా అని అడిగాను. బాగానే ఉండాదిలే అంది. అప్పటికి వీధిలో అందరూ మలేషియా నుంచి తమకేం తేవాలో చెప్పడం మొదలుపెట్టారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ప్రయాణం రోజున పొద్దునే వీధి వీధంతా వచ్చింది. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఎవరో వదిన నుదుట కుంకం పెట్టారు, ఆమె కొత్త చీర కొంగుకి పసుపు రాశారు. ఇంత హంగామా నా పెళ్ళిలో కూడా చూడలేదు. వదిన కారెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే పెద్ద పదవి వరించినట్టుంది. ఆ సంబరం చూసి నాకూ గర్వంగానే ఉంది, అయినా కొడవలూరు టీచరమ్మ చెప్పిన 'ఏదో' కోసం ఫైలు మళ్ళీ తిరగేశాను.

నెల్లూరు దాటి చెన్నై దారిలో వెంకటాచలం దగ్గర టీ కోసం కారు ఆపించాడు అన్న. ఆయనా డ్రైవరూ బంకు దగ్గరికి పోయారు. ఆఖరిసారి అన్నీ సరిచూసుకుందామని నేను వదిన సంచిలోంచి పాస్‌పోర్టులు తీశాను. అన్నది చూశాను, బాగుంది. వదినది తెరిచాను. ఫొటోలో వదిన నుదుటి మీద, సరిగ్గా కనుబొమల మధ్య, మెరూన్ రంగు స్టిక్కర్ బొట్టు అంటించి ఉంది. ఫ్యాన్సీ షాపులో దొరికే వాటిలో అన్నిటికన్నా చిన్నది, ఆవగింజంత.

నా గుండె జారిపోయింది. అంతకన్నా ముందు నోరు జారింది.

"నీకేమన్నా బుద్ధుండాదా వదినా? ఇదేమన్నా గోడకి తగిలించే ఫొటోనా బొట్టు పెట్టేదానికి? పాస్‌పోర్టు మీద గీత పడినా ఎక్కనీరు. నెల రోజుల నించి నేను తిండి మానేసి తిరగతా ఉంటే నువ్వు చేసే పని ఇదా!"

గోరుతో దాన్ని పీకబోయాను. వదిన నా చెయ్యి పట్టుకుంది. ముప్పై ఏళ్ళు చేపల గంప మోసిన చెయ్యి అది. నా చెయ్యి కదల్లేదు.

"తీయబాక. నువ్వు అసలు తీయబాక" అంది.

ఆ గొంతు విని నేను ఆగిపోయాను. ఆడబిడ్డని నేను. ఫొటోలోనే కావచ్చు, వదిన నుదుటి బొట్టు నా చేత్తో పీకబోయాను.

వదిన బంకు వైపు చూసి, అన్న ఇంకా టీ తాగుతున్నాడని రూఢి చేసుకుని, మెల్లిగా చెప్పింది.

"బుక్కు వచ్చిన రోజు తెరిచి చూస్తే ఏముండాది? బోడి ముఖం. ఆ ముఖం పెట్టుకుని నేను మీ అన్న పక్కన కూర్చుని సముద్రం దాటాలా? నీళ్ళ మీద పోతా ఉండాం అమ్మణ్ణీ. నాకు నిద్ర పట్టలా. అందుకే పెట్టినా. మీ అన్నకి చెప్పబాక, నోటితో అనే మాట కాదిది."

నాకు ఆ తుఫాను గుర్తొచ్చింది. కొన్నేళ్ళ కిందట అన్న పడవ ఇంజను చెడిపోయి, గాలివానలో కొట్టుకుపోయి, ఎక్కడుందో జాడ తెలియలేదు. చివరికి అన్న వాళ్ళు దక్షిణాన తమిళవాళ్ళ ఒడ్డుకి చేరి బతికి బట్టకట్టారు. ఆ రోజులన్నీ వదిన ముఖం కడుక్కోలేదు. ఏడ్చినా కన్నీళ్ళు తుడుచుకోలేదు, చెయ్యి తగిలి బొట్టు చెరుగుతుందని. అందరం బలవంతం చేసినా చెంబుడు నీళ్ళు దగ్గరికి రానివ్వలేదు. అన్న ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాకే వెళ్ళి స్నానం చేసింది. ఇవన్నీ తెలిసిన నేనే కెమెరా ముందు ఆమె బొట్టు పోతే పట్టించుకోలేదు.

కోపం దిగిపోయింది, భయం మాత్రం దిగలేదు. కారు మళ్ళీ కదిలాక, పాస్‌పోర్టు మీద ఏదైనా అంటిస్తే ఏమవుతుందని ఫోన్లో వెతికాను. వెతకకపోయినా బాగుండేది. ఒకాయన్ని పేజీ చిరిగిందని ఆపేశారట. ఒకామె పాస్‌పోర్టులో పిల్లాడు బొమ్మ గీశాడని ఎక్కనివ్వలేదట. తీసేయమని వదినకి చెబుదామంటే, తన చేత్తో తన బొట్టు ఎలా తీస్తుంది? నేను తీయలేను. అన్నకి చెప్పకూడదు. దారి పొడుగునా వదిన ఆ పాస్‌పోర్టుని ఒళ్ళో రెండు చేతుల కింద పెట్టుకుని కూర్చుంది. అన్న ముందు సీట్లో కూర్చుని హాయిగా నిద్రపోయాడు.

చెన్నై ఎయిర్‌పోర్టు గేటు దగ్గర తుపాకీ పెట్టుకున్న జవాను పాస్‌పోర్టులు అడిగాడు. వదినది తెరిచాడు. ఫొటోని చూశాడు, వదినని చూశాడు, ఫొటోకీ బొట్టుంది, మనిషికీ బొట్టుంది. సరిపోయిందనుకున్నాడేమో, పొమ్మన్నాడు. నాకు సగం ప్రాణం లేచొచ్చింది. అదేదో స్టాంపులాంటిదని అందరూ అనుకుంటే ఎంత బాగుండు అని ఆశపడ్డాను. వదిన నా వైపు చూసి, చూసినావా అన్నట్టు కనుబొమలెగరేసింది. తొందరపడకు అని నేను కళ్ళతోనే గదమాయించాను.

లోపల కౌంటరు దగ్గర కూర్చున్నది చిన్న వయసు అమ్మాయి. తమిళపిల్ల, తెలుగు వచ్చీరాకుండా మాట్లాడుతోంది. తిరుగు టికెట్ అడిగింది, ఫైల్లోంచి తీసిచ్చాను. హోటలు అడిగింది, ఇచ్చాను. ఆ దేశానికి వివరాలు పంపారా అంది, అదీ చూపించాను. ఇంత పద్ధతిగా వచ్చిన వాళ్ళని చూడలేదంది. ఆ మాట ఇంకో రోజు అయితే నేను నలుగురికీ చెప్పుకునేదాన్ని. ఆ క్షణాన మాత్రం నా కళ్ళు ఆమె చేతిలోని మూడో పాస్‌పోర్టు మీదే ఉన్నాయి.

"ఇదేంటమ్మా? ఫొటో మీద ఏదో ఒట్టించారు?" అంది, అంటించారనడానికి.

"బొట్టు" అన్నాను. అంతకన్నా ఏం చెప్పాలో తోచలేదు.

ఆ అమ్మాయి నవ్వింది, నవ్వి ఆపేసింది. సూపర్‌వైజర్ని పిలిచింది. ఆయన వచ్చి పేజీని వెలుగుకి పెట్టి చూశాడు. ఇలా ఉంటే పంపడం కుదరదన్నాడు. తీసేయండి, కానీ పైనున్న పొర చిరిగినా లేచినా కూడా పంపలేం, మా వాళ్ళెవరూ దాన్ని ముట్టుకోరు అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు! మా వెనకున్న వాళ్ళు అప్పటికే గొణుగుతున్నారు. పాస్‌పోర్టు బల్ల మీద తెరిచి ఉంది. మేం ముగ్గురం దాని ముందు నిలబడ్డాం.

వదిన ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేను తీయను. మీ అన్నాచెల్లెళ్ళు పోయిరాండి. నేను బస్సెక్కి పోతా" అంది.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒకే ఒక్క కోరిక కోరిన మనిషి, దాని గుమ్మం దాకా వచ్చి తిరిగిపోతానంటోంది. వీధంతా కలిసి సాగనంపింది. ఏ ముఖంతో తిరిగి వెళ్తుంది? ఎవరడిగినా ఏం చెబుతుంది? తీసేస్తే ఏమవుతుంది వదినా అని అరవాలనిపించింది. అరవలేకపోయాను. ఏమవుతుందని ఆమె భయమో నాకు తెలుసు, అన్న పక్కనే ఉన్నాడు.

"ఏంది మే? దేనికి పోతావు?" అన్నాడు అన్న.

ఆయన బల్ల మీది పాస్‌పోర్టు చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఫొటోని అన్న చూడటం అదే మొదటిసారి. చాలాసేపు చూశాడు. ఆ చిన్న బొట్టునీ దాని కిందున్న ముఖాన్నీ చూశాడు. తర్వాత వదిన వైపు చూశాడు. నేను చెప్పలేదు, ఆమె చెప్పలేదు, ఆయనకి అర్థమైపోయింది. తుఫానులోంచి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడినప్పుడు ఆయన చూసింది ఏ ముఖాన్నో మేం మర్చిపోయినా ఆయన మర్చిపోతాడా?

"ఇది నా కోసరం పెట్టుకునిందే గదా?" అన్నాడు.

వదిన తల దించుకుంది.

"నీ చేత్తో తీస్తే తప్పు. చెల్లి చేత్తో తీస్తే తప్పు. నేను తీస్తే ఏం తప్పే? నా చేత్తో తీసి నా చేత్తోనే పెడతా. యాడికీ పోదులే."

ఆ మాటకి వదిన తలెత్తింది. వద్దనలేదు.

అన్న పాస్‌పోర్టుని నోటి దగ్గరికి తెచ్చుకుని, అద్దం తుడిచేటప్పుడు ఊదినట్టు, దాని మీద వేడిగా ఊదాడు. ఒకసారి కాదు, ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ ఊదాడు. గోరు పెట్టలేదు. బొటనవేలి మెత్తటి భాగం ఆనించి, ఒక పక్క నుంచి మెల్లిగా దొర్లించాడు. కౌంటరు అమ్మాయి కుర్చీలోంచి లేచి చూస్తోంది. వెనక గొణిగేవాళ్ళు కూడా ఊరుకున్నారు. నేనైతే చూడలేక కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి బొట్టు అన్న వేలి చివర ఉంది.

ఆయన ఇటూ అటూ చూడలేదు. అంతమంది జనం మధ్యలో, పెట్టెల మధ్యలో, వదిన గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, పొద్దున వీధివాళ్ళు పెట్టిన కుంకం కింద ఆ బొట్టు అంటించాడు. ఊడిపోకుండా వేలితో కాసేపు అదిమి పట్టాడు. వాళ్ళ పెళ్ళినాటికి నేను చిన్నపిల్లని, అక్షింతలు నేల మీద ఏరుకుంటూ సగం చూడనేలేదు. ఆ లోటు ఆ రోజు తీరింది.

సూపర్‌వైజర్ పాస్‌పోర్టు తీసుకుని ఫొటో మీద వేలితో రాసి చూశాడు. వెలుగుకి వంచి చూశాడు. మిషను మీద పెట్టాడు, అది కిచ్‌మంది. సరే ఇచ్చేయమ్మా అని వెళ్ళిపోయాడు. కౌంటరు అమ్మాయి బోర్డింగు పాసులు తీసి వదిన చేతికే ఇచ్చింది. కిటికీ పక్క సీటు వేశానక్కా అంది.

కొండంత బరువు దిగిందంటారే, అది మాట వరసకి అనే మాట కాదని అప్పుడు తెలిసింది. పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను. నవ్వొచ్చింది, నవ్వుతోనే ఏడుపూ వచ్చింది. ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్న నన్ను చూసి ఎవరో మంచినీళ్ళిచ్చారు. అన్న మాత్రం ఇదేమీ పట్టనట్టు, ఇడ్లీ యాడ దొరకతాదో కనుక్కో అమ్మణ్ణీ, కడుపు కాలతా ఉండాది అన్నాడు.

ఆ తర్వాత ఏ గేటు దగ్గరా ఎవరూ ఏమీ అనలేదు. విమానం లేచేటప్పుడు వదిన అరిచిన అరుపుకి ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. సముద్రం మీదికి వచ్చాక కిటికీకి ముఖం ఆనించి కూర్చుంది, ఎంత పిలిచినా ఇటు తిరగలేదు. నేను ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి నిద్రపోయాను.

కౌలాలంపూర్‌లో అధికారి ఫొటో చూసి, వదిన ముఖం చూసి, మళ్ళీ ఫొటో చూశాడు. అక్కడ బొట్టు లేదు, ఇక్కడ రెండున్నాయి. నేను మళ్ళీ ఫైలు విప్పబోయాను. ఆయన ఏమీ అడగకుండా పాస్‌పోర్టు తిరిగిచ్చేశాడు. మేం ముగ్గురం ఆ దేశంలోకి నడిచాం.

హోటల్లో పాస్‌పోర్టులు భద్రంగా దాస్తూ నేను వదినని ఉడికిద్దామని అడిగాను.

"ఫొటోలో మళ్ళా బోడి ముఖమే ఉండాది వదినా. ఊరికి పోయినాక ఇంకో బొట్టు అంటిస్తావా?"

వదిన పాస్‌పోర్టు తీసుకుని తెరిచి, ఆ ముఖాన్ని తేరిపార చూసుకుంది. మంచం మీద అన్న చెప్పులు కూడా విప్పకుండా గురకపెడుతున్నాడు.

"దేనికి అమ్మణ్ణీ?" అంది. "మనిషి ఈడ్నే ఉండాడు గదా."